ఇంట ఈగల మోత, బయట పల్లకీ మోత

2022 అక్టోబరులో తెలంగాణకు ఢిల్లీ నుంచి రెండు కానుకలు అందాయి. ఒకటి అవార్డు. రెండోది జరిమానా.

గాంధీ జయంతి నాడు స్వచ్ఛ సర్వేక్షణ్ గ్రామీణ్‌లో పెద్ద రాష్ట్రాలన్నిటిలో మీదే ఫస్టు అని భుజం తట్టారు. అదే నెలలో జాతీయ హరిత ట్రిబ్యునల్ లేచింది. చెత్తనూ మురుగునూ శుద్ధి చేయడం మీకు చేతకాలేదు, సుమారు 3,800 కోట్ల రూపాయలు పక్కన పెట్టండి అంది. ఒకే రాష్ట్రం. ఒకే నెల. దేన్ని నమ్మాలి? కంగారు పడకండి. మన జనం రెండింటినీ నమ్మలేదు. వాళ్లకు ముక్కులున్నాయి.

"అవార్డు పల్లెలకండీ, జరిమానా ప్రధానంగా పట్టణాల పాపానికి" అని ఓ అధికారి గారు సర్దిచెప్పవచ్చు. ఒప్పుకుందాం. మరి ఆ పట్టణం తన చెత్తను ఎక్కడ పోస్తోంది? ఆకాశంలోనా? ఊరి పొలిమేరలోనే కదా!

వరంగల్ చెత్త ఏళ్ల తరబడి రాంపూర్, మడికొండల పక్కన గుట్టలు పడుతోంది. 2013లో 42 గ్రామాలను వరంగల్ నగరంలో కలిపారు. కలిపాక ఏం మారింది? బోర్డు మారింది. గుట్ట మాత్రం అక్కడే ఉంది. అంతకుముందు పక్క ఊరి మీద పోసేవారు, ఇప్పుడు సొంత డివిజన్ మీదే పోస్తున్నారు. దీన్నే విలీనం అంటారు కాబోలు.

తమాషా ఏమిటంటే, ఇదే వరంగల్ 2012 అక్టోబరులో దేశానికి పాఠం చెప్పింది. అప్పటి కమిషనర్ వివేక్ యాదవ్ హయాంలో వారం రోజులు క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్ నడిపి, ఇంటింటా తడి చెత్త, పొడి చెత్త వేరు చేయించారు. వేరే ఊళ్ల మున్సిపల్ సిబ్బంది వచ్చి నేర్చుకుని పోయారు. నేర్పిన ఊరు మరిచిపోయింది. కమిషనర్ బదిలీ అయ్యారు. ఆయన వెంట చీపురు కూడా బదిలీ అయినట్టుంది.

నగరం గోల నగరానిది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు పోదాం. 2016 అక్టోబరు 11న పాత వరంగల్‌ను విడగొట్టి, కలెక్టర్ ఆఫీసును మీ గడపలోకి తెచ్చామన్నారు. తెచ్చారు. దాని వెనకే వెంచర్లు వచ్చాయి. ఫంక్షన్ హాళ్లు వచ్చాయి. దాబాలు వచ్చాయి. 2018లో తొర్రూరు, మరిపెడ, డోర్నకల్ మున్సిపాలిటీలయ్యాయి. 2025లో కేసముద్రం, స్టేషన్ ఘన్‌పూర్ వంతు వచ్చింది. రాత్రి పల్లెలుగా పడుకుని తెల్లారి పట్టణాలుగా లేచిన ఊళ్లివి. ఆఫీసుకు కొత్త రంగు పడింది. మోరీ మాత్రం పాతదే.

పల్లెకు చెత్త కొత్త కాదు. ఇంటింటికీ పెంటకుప్ప ఉండేది. పేడ, బూడిద, ఊడ్చిన కసవు, కూరగాయల తొక్కలు, పశువులు తినగా మిగిలిన చొప్ప, అన్నీ అందులోకే. వానలకు ముందు బండ్లకెత్తి పొలానికి తోలేవారు. జీవో లేదు, లోగో లేదు, రిబ్బన్ కటింగ్ అసలే లేదు. ఇవాళ ఆ కుప్పలోకి గుట్కా ప్యాకెట్, పాల కవర్, డైపర్, థర్మకోల్ ప్లేటు చేరాయి. పొలానికి తోలితే నాగలికి కవర్లు చుట్టుకుంటాయి. తోలకపోతే ఊరికి దోమలు. రైతు ఏం చేయాలి? అగ్గిపుల్ల గీయాలి. రెండు రూపాయల అగ్గిపెట్టె. ఎవరేమన్నా అనుకోండి, ఈ మూడు జిల్లాల్లో ఏ పథకమూ ఆగకుండా నడవలేదు గానీ ఈ అగ్గిపెట్టె పథకం రోజూ నడుస్తోంది.

జనగామ మీదుగా 163వ నంబరు జాతీయ రహదారి పోతుంది. కోమల్ల టోల్‌గేటు దగ్గర కారుకు లెక్క ఉంది, లారీకి లెక్క ఉంది. ఫాస్టాగ్ కుయ్యిమంటే పైసలు పడతాయి. కారు అద్దం దించి విసిరే బిర్యానీ డబ్బాకు లెక్క లేదు. కొన్నది హైదరాబాద్‌లో, పన్ను కట్టింది హైదరాబాద్‌లో, తిన్నది ఏసీ కారులో. ఖాళీ డబ్బా మాత్రం రఘునాథపల్లి పొలం గట్టుకు దానం. మహాదాతలు! ఆ డబ్బా ఎత్తేదెవరు? జీతం ఎప్పుడొస్తుందో తెలియని పంచాయతీ కార్మికుడు.

మానుకోటకు, అదే మహబూబాబాద్‌కు పోదాం. మిర్చికి పేరు మోసిన నేల. మిర్చి ఉన్నచోట పురుగుమందు ఉంటుంది. మందు కొట్టాక ఖాళీ సీసా సంగతేమిటి? ఏ డీలర్ అడిగాడు? ఏ కంపెనీ బండి వచ్చి వెనక్కు పట్టుకుపోయింది? సీసా గట్టు మీద, బావిలో, వాగులో. దానికి ఏ రంగు డబ్బా పెట్టారో ఏ పోస్టర్‌లోనూ రాయలేదు. 2018లో తండాలకు పంచాయతీ హోదా ఇచ్చారు. మా తండాలో మా రాజ్యం. మంచిదే, ఎన్నేళ్ల కోరికో అది. కానీ రాజ్యానికి ఖజానా ఏది సారూ? వందల్లో జనం ఉన్న తండాలో ఇంటి పన్ను ఎంత వస్తుంది? దాంతోనే ట్రాక్టర్ కిస్తీ కట్టాలి, డీజిల్ పోయాలి, వీధి బల్బు మార్చాలి, బ్లీచింగ్ పౌడర్ కొనాలి. రాజ్యం మీది, అప్పు కూడా మీదే అన్నమాట.

భూపాలపల్లిలో ఇంకో వేడుక. ఇంట్లో ఉల్లిపొట్టు ఏ డబ్బాలో వేయాలో మహిళా సంఘాల అక్కలకు శిక్షణ ఇస్తారు. బయట ఓపెన్‌కాస్టు దుమ్ము. చెల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్, దాని బూడిద. ఉల్లిపొట్టుకు శిక్షణ ఉంది, బూడిదకు గ్రామసభ లేదు. కాళేశ్వరం వైపు పోతే 2025 మే 15 నుంచి 26 దాకా సరస్వతీ పుష్కరాలు. లక్షల మంది మునిగారు, పుణ్యం మూటగట్టుకున్నారు, మూట కట్టిన కవర్ అక్కడే వదిలి పోయారు. పుణ్యం ఎవరిది, పని ఎవరిది?

ఇక అసలు సంగతి. "ప్రజల భాగస్వామ్యం లేనిదే చెత్త సమస్య తీరదు." ఈ వాక్యం పలకని మీటింగ్ ఉందా? ఎంపీడీవో గారు అంటారు. డీపీవో గారు అంటారు. కలెక్టర్ గారు అంటారు. మంత్రి గారైతే రెండుసార్లు అంటారు, ఒకటి ఉపన్యాసంలో, ఒకటి కెమెరాకు. అందరూ అంటున్నారు గనుక ఒక్క మాట అడుగుదాం. భాగస్వామ్యం సరే, దేంట్లో? ఊడ్చేటప్పుడు పిలుస్తారు. ఫొటోకు పిలుస్తారు. పైసలు పంచేటప్పుడు ఎందుకు పిలవరు? డంపింగ్ యార్డు ఎక్కడ పెట్టాలో గీత గీసేటప్పుడు జనం ఎందుకు గుర్తుకు రారు?

2018 పంచాయతీరాజ్ చట్టం చదివితే కళ్లు చెమర్చుతాయి. రెండు నెలలకోసారి గ్రామసభ. ఊరికి నాలుగు స్టాండింగ్ కమిటీలు. పారిశుధ్యానికి ఒకటి, వీధి దీపాలకు ఒకటి, చెట్లకు ఒకటి, పనులకూ సంతలకూ ఒకటి. కమిటీకి 15 మంది. ఊరికి 60 మంది. రాష్ట్రంలో 12,700 పైచిలుకు పంచాయతీలు. గుణించండి. ఏడు లక్షలు దాటుతుంది. ఏడు లక్షల మంది జనసైన్యం! ఇంత సైన్యం ఉన్న రాష్ట్రంలో ఒక్క కవర్ గాలికి ఎగరడానికి ధైర్యం చేస్తుందా? ఇప్పుడు చెప్పండి. మీ ఊరి పారిశుధ్య కమిటీలో ఒక్క సభ్యుడి పేరు తెలుసా? తెలియదా? జాబితా తెప్పించి చూడండి. మీ పేరే ఉండవచ్చు.

అంతకుముందు 2015 ఆగస్టు 17న గ్రామజ్యోతి పథకాన్ని వెలిగించారు. అప్పుడు ఊరికి ఏడు కమిటీలు. మూడేళ్లకు చట్టంలో నాలుగయ్యాయి. తగ్గింది కమిటీలే, చెత్త కాదు. 2019 సెప్టెంబరులో 30 రోజుల ప్రణాళిక అన్నారు. తర్వాత పల్లె ప్రగతి అన్నారు, ఒక విడత, రెండో విడత, మూడో విడత. నిజం చెప్పాలంటే పల్లె ప్రగతిలో మొదట కొంత కదలిక కనిపించింది. ట్రాక్టర్లు వచ్చాయి, నర్సరీలు వచ్చాయి, పాడుబడ్డ గోడలు కూల్చారు, కంపచెట్లు కొట్టేశారు. నెలనెలా నిధులు పడ్డన్ని రోజులూ పడ్డాయి. తర్వాత? ప్రభుత్వం మారింది. 2024 ఆగస్టు 5 నుంచి 9 దాకా స్వచ్ఛదనం-పచ్చదనం. ఐదు రోజులు! చెత్త 365 రోజులు వస్తుంది, ఉద్యమం ఐదు రోజులు వస్తుంది. నాయకులకు కండువాలు మార్చే అవసరం ఉంది. చెత్తకు లేదు. అన్ని ప్రభుత్వాల్లోనూ అదే అధికారంలో ఉంది.

వీటన్నిటి పైన, ఊరి శుభ్రతకు ఢిల్లీ వారు వేసే ముద్ర, ఓడీఎఫ్ ప్లస్. అందులో మూడు మెట్లు. మెట్టు ఎక్కాలంటే షరతులున్నాయి. పైమెట్టున ఉన్న "మోడల్" గ్రామానికి చెత్త పెద్దగా కనిపించకూడదు, మురుగు నిలవకూడదు, ప్లాస్టిక్ కుప్పలు ఉండకూడదు. ఇంకో షరతు కూడా ఉంది. గోడల మీద స్వచ్ఛత సందేశాలు ఉండాలి. మొదటి మూడూ కష్టం. నాలుగోది పెయింటర్‌తో ఒక్క పూటలో అయిపోతుంది. మన ఊళ్లలో ఏ షరతు ముందు పూర్తయిందో మీకు చెప్పాలా? గోడ మీద గాంధీ తాత కళ్లద్దాలు. గోడ కింద ఏం పారుతోందో ఆ అద్దాలకు కనిపించదు. తెలంగాణ పల్లెలన్నీ నూటికి నూరు శాతం ఓడీఎఫ్ ప్లస్ అని 2023లోనే కేంద్రం మెచ్చుకుంది. నూటికి నూరు! పరీక్ష రాసిన వాడే పేపరు దిద్దుకుంటే నూటపది కూడా వస్తుంది.

పైసల లెక్క ఇంకా కమ్మగా ఉంటుంది. స్వచ్ఛ భారత్ రెండో దశలో ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊరికి ఘన వ్యర్థాల పనికి తలకు 60 రూపాయల వరకు ఇస్తారు. ఏటా కాదు, నెలనెలా అసలే కాదు. షెడ్డు, గుంత, బండి లాంటివాటికి. నడిపే ఖర్చు మీరే చూసుకోండి. 60 రూపాయలు అంటే నలుగురు మిత్రులు బస్టాండులో చాయ్ తాగితే అయిపోయే డబ్బు. ఐదు వేలు దాటితే ఇంకా చౌక, తలకు 45. ఊరు పెరిగితే తల విలువ తగ్గుతుంది. నగరం పక్కన పెరుగుతున్న ఊళ్లకు ఇంతకంటే గొప్ప ప్రోత్సాహం ఉంటుందా?

పోనీ చట్టమైనా ఉండేదా? 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు పట్టణాలకు, సెన్సస్ టౌన్లకు రాశారు. మామూలు పల్లె వాటి పరిధిలోనే ఉండేది కాదు. పల్లెను కూడా కలుపుతూ ముసాయిదా రావడానికి 2024 డిసెంబరు దాకా పట్టింది. అంటే ఎనిమిదేళ్లు ఢిల్లీ దృష్టిలో పల్లెలో చెత్తే పుట్టలేదు.

ఉపాధి హామీ పైసలతో ఊరూరా సెగ్రిగేషన్ షెడ్లు కట్టారు. ఎక్కడ? ఊరికి దూరంగా, వైకుంఠధామం పక్కన, గుట్ట కింద, చెరువు శిఖంలో, ఎక్కడ సర్కారు జాగా దొరికితే అక్కడ. వానాకాలం ట్రాక్టర్ అక్కడిదాకా పోతుందా అని ఎవరైనా ట్రాక్టర్ డ్రైవర్‌ను అడిగారా? అడగలేదు. ఇంటికి రెండు డబ్బాలు ఇచ్చారు, ఆకుపచ్చది తడికి, నీలిది పొడికి. అమ్మ శ్రద్ధగా వేరు చేస్తుంది. పొద్దున ట్రాక్టర్ వస్తుంది. ట్రాలీలో ఒకటే గది. రెండు డబ్బాలూ అందులోనే బోర్లిస్తారు. ఇంట్లో విడాకులు, ట్రాక్టర్‌లో మళ్లీ పెళ్లి! నాలుగు రోజులు చూసిన అమ్మ ఐదో రోజు ఆకుపచ్చ డబ్బాలో నూకలు పోసుకుంది, నీలి డబ్బాలో నీళ్లు పట్టుకుంది. దీన్ని మీటింగుల్లో "ప్రజల్లో అవగాహన లోపం" అంటారు. అవగాహన లోపమా? అమ్మకు అయినంత అవగాహన ఆ డబ్బాల టెండర్ వేసిన వారికి ఉందా?

ఇప్పుడు ఈ కథలో కడుపు మండే భాగం.

2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల గడువు తీరింది. ఎన్నికలు పెట్టాలి. పెట్టలేదు. రిజర్వేషన్ల లెక్క తేలలేదన్నారు, కోర్టులన్నారు, ఇదిగో అన్నారు, అదిగో అన్నారు. చివరకు 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతల్లో పెట్టారు. దాదాపు 22 నెలలు పల్లెకు ఎన్నికైన మనిషి లేడు. ప్రత్యేకాధికారి ఉన్నారు. అంత ప్రత్యేకం గనుకే కొన్ని ఊళ్లలో ఎవరికీ కనిపించలేదు. మధ్యలో కేంద్రం ఏమంది? మీకు ఎన్నికైన పాలకవర్గం లేదు గనుక 15వ ఆర్థిక సంఘం నిధులు ఆపుతున్నాం అంది. ఆ నిధుల్లో పారిశుధ్యానికి, తాగునీటికి విడిగా వాటా ఉంది. ఆ వాటా కూడా ఆగింది.

అర్థమైందా? ప్రజల భాగస్వామ్యం అని రోజూ జపం చేసే సర్కార్లు రెండు. ఒకటి ప్రజలు ఎన్నుకునే పంచాయతీనే లేకుండా చేసింది. రెండోది పంచాయతీ లేదు గనుక పైసా ఇవ్వనంది. ఓటు వేయనివ్వనిది ఒకరు, దానికి శిక్ష వేసింది మరొకరు, శిక్ష పడింది ఊరికి. ఊరు చేసిన తప్పేమిటి? చెత్త వేయడమా, ఓటు వేస్తామనడమా?

ఆ 22 నెలల్లో ట్రాక్టర్ ఎలా నడిచింది? పంచాయతీ కార్యదర్శి జేబులోంచి. డీజిల్‌కు ఆయనే పెట్టారు, బల్బుకు ఆయనే పెట్టారు, పైపు లీకేజీకి ఆయనే పెట్టారు. పెట్టలేక ధర్నా చేశారు, ట్రాక్టర్ తాళాలు అధికారులకు అప్పగిస్తామన్నారు. ఊరి చెత్త ఒక చిరుద్యోగి భార్య మెడలోని గొలుసు మీద నడిచే వ్యవస్థకు స్వచ్ఛతలో ఫస్టు ప్రైజు ఎందుకు రాదు? రావాలి. రెండు రావాలి. అంతకుముందు పనిచేసిన సర్పంచుల సంగతి ఇంకా ముచ్చట. అప్పు తెచ్చి పనులు చేశారు. బిల్లులు రాలేదు. చలో అసెంబ్లీ అంటే తెల్లవారకముందే పోలీసులు ఇళ్లకు వచ్చి పట్టుకుపోయారు. ట్రాక్టర్‌కు రాని డీజిల్ పోలీసు జీపుకు ఎక్కడి నుంచి వస్తుందో!

ఇక కార్మికుడు. 51వ నంబరు జీవో పుణ్యమా అని ఆయన మల్టీపర్పస్ వర్కర్. పొద్దున చీపురు, తొమ్మిదింటికి ట్రాక్టర్ స్టీరింగు, మధ్యాహ్నం కరెంటు స్తంభం, సాయంత్రం నర్సరీకి నీళ్లు. నలుగురి పని, ఒకరి జీతం. 8,500 ఉండేది. 2023లో వెయ్యి పెంచి 9,500 చేశారు. అదే ఏడు జూలైలో నెలకు పైగా సమ్మె చేశారు. పర్మినెంట్ చేయమన్నారు, జీవో 51 తీసేయమన్నారు. ఏమైంది? శాలువాలు వచ్చాయి. ప్రతి అక్టోబరు 2కూ శాలువా. మెడలో దండ, చేతిలో మెమెంటో. సారూ, శాలువాలు చాలు, బీరువా నిండింది. మూడు నెలల జీతం పడేయండి. చేతికి గ్లౌజు ఇవ్వండి. కరెంటు పని తెలియని మనిషిని స్తంభం ఎక్కించకండి.

ఇంకో మాట కూడా అనేయాలి, ఎవరికి కోపం వచ్చినా సరే. ఊరంతా భాగస్వాములు కావాలంటారు. మరి ఈ చీపురు ఊళ్లో ఏ వాడకు పోతోంది? ఎప్పుడూ ఒకే వాడకు కదా! పెద్ద బజారు పిల్లాడికి ఈ ఉద్యోగం ఇవ్వబోతే ఇంట్లో ఎంత లొల్లి అవుతుందో ఊహించండి. చెత్త వేయడంలో అన్ని కులాలూ సమానం. ఎత్తడంలో మాత్రం రాజ్యాంగం ఊరి పొలిమేర దగ్గరే ఆగిపోతుంది. శ్రమదానం రోజు ఫొటో చూడండి. పదిహేను మంది తెల్ల చొక్కాలు, నాలుగు కొత్త చీపుర్లు. వాటికి ధర చీటీ కూడా ఊడలేదు. ఫొటో యాప్‌లోకి ఎక్కగానే చీపురు మళ్లీ పాత చేతికే.

బాగా ఎండగట్టాడు అనుకుంటున్నారా? ఆగండి, మీ వంతు ఉంది.

చికెన్ సెంటర్ వ్యర్థాలు రాత్రి పదకొండుకు బైక్ మీద సంచిలో కట్టుకుని పోయి పక్క ఊరి కుంటలో పడేసేది కలెక్టర్ గారా? పెళ్లికి వెయ్యి మందిని పిలిచి, వెయ్యి చిన్న నీళ్ల సీసాలు పంచి, తెల్లారి ఆ గుట్టను ఫంక్షన్ హాలు వెనక గుంతలోకి నెట్టేది ఎంపీడీవోనా? వీధిలో చెత్త వేస్తే 500 జరిమానా అని ఊరూరా చాటింపు వేశారు. మీ ఊళ్లో ఏ పెద్దమనిషికైనా వేశారా? వేస్తే ఊరుకుంటారా? "నాకే వేస్తవా, నేనెవరో ఎరుకేనా" అంటారు. ఎరుకే. కారుకు కిస్తీ కడతారు, ఫోనుకు కిస్తీ కడతారు, పంచాయతీ ఇంటి పన్ను అడిగితే పాత సర్పంచి అవినీతి మీద గంట ఉపన్యాసం ఇస్తారు. మీరే కదా!

మిమ్మల్ని అంత తిట్టాక ఒక న్యాయం కూడా చేయాలి. మీ ఇంట్లోని చెత్త మీ ఇంట్లో పుట్టలేదు. ఫ్యాక్టరీలో పుట్టింది. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని నిషేధించారు. అదే ఏడు డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు తగ్గిన క్యారీ బ్యాగు ఉండకూడదు. మీ సంతలో ఈ వారం కూరగాయలు దేంట్లో ఇచ్చారు? తోపుడు బండి అవ్వకు ఫైన్ వేస్తారు. కవర్ తయారుచేసే ఫ్యాక్టరీ గేటు ఎక్కడుందో ఏ తనిఖీ బృందానికీ దొరకదు. కంపెనీలు తమ ప్లాస్టిక్‌ను తామే వెనక్కు తీసుకోవాలని నియమం పెట్టారు. తీసుకున్నట్టు సర్టిఫికెట్ చూపితే చాలు. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ చేస్తే నాలుగు రీసైక్లింగ్ కంపెనీల దగ్గర సుమారు ఆరు లక్షల నకిలీ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. ఎంత బాగా రీసైకిల్ చేశారు! ప్లాస్టిక్‌ను కాదు, అబద్ధాన్ని.

మందు సీసా సంగతి మరీ ఘోరం. మద్యం టోకు అమ్మకం సర్కారుది. సీసాలోని సరుకు డబ్బు రాష్ట్ర ఖజానాకు పోతుంది. ఖాళీ సీసా గ్రామ పంచాయతీకి వస్తుంది. బెల్టు షాపు వెనక, బడి గోడ పక్కన, చెరువు కట్ట మీద, పగిలి. కల్లు గీసే గౌడన్న కాలికీ అదే, నాటు వేసే అక్క కాలికీ అదే. తమిళనాడులో 2022లో నీలగిరుల నుంచి మొదలుపెట్టి, సీసాకు పది రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీది తెచ్చిస్తే ఆ పదీ వెనక్కు ఇస్తున్నారు. అదీ కోర్టు మొట్టికాయ వేశాకే అనుకోండి. మన దగ్గర సీసా మీద పన్ను వేయడం తెలుసు, సీసాను వెనక్కు పిలవడం తెలియదు.

మన జనానికి భాగస్వామ్యం చేతకాదా మరి? చేతకాకపోతే గంగదేవిపల్లి ఎక్కడి నుంచి వచ్చింది? వరంగల్ పక్కనే, గీసుగొండ మండలంలో. కూసం రాజమౌళి సర్పంచిగా ఉన్న కాలంలో ఆ ఊళ్లో పనికో కమిటీ. నీళ్లకు కమిటీ, పారిశుధ్యానికి కమిటీ, మద్యం మానడానికి కమిటీ. బాలవికాస సంస్థ సాయంతో నీళ్ల ట్యాంకు కట్టుకున్నప్పుడు ఊరు తన వాటా తాను పోగు చేసుకుంది. పన్ను బకాయి లేదు. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. అక్కడ ఎవరూ పైనుంచి వచ్చి 15 మంది పేర్లు రాసి పంపమనలేదు. నిర్ణయం ఊరిది, పైసా లెక్క ఊరిది, తప్పు జరిగితే తిట్టు కూడా ఊరిదే. అందుకే నడిచింది. ఆదిలాబాద్ జిల్లా ముఖ్రా-కె ఊరు చెత్తతో వర్మీకంపోస్టు చేసి అమ్ముకుని పంచాయతీకి ఆదాయం తెచ్చుకుంది. కేరళలో హరిత కర్మ సేన మహిళలు ఇల్లిల్లూ తిరిగి పొడి చెత్త తీసుకుంటారు, పల్లెలో ఇంటికి నెలకు 50 రూపాయలు వాళ్ల చేతికే అందుతాయి. శాలువా కాదు, పైసలు.

గంగదేవిపల్లిని చూసి ఢిల్లీ నుంచి వచ్చారు, విదేశాల నుంచి వచ్చారు. గ్రామజ్యోతి మొదలుపెట్టింది కూడా ఆ ఊళ్లోనే. మన పెద్దలు అక్కడ జ్యోతి వెలిగించారు, ఫొటో దిగారు, ఊరిని పొగిడారు. ఆ ఊరు అలా ఎందుకైందో మాత్రం ఒక్కరూ జేబులో వేసుకుని రాలేదు. కమిటీల సంఖ్య లెక్కబెట్టుకుని వచ్చారు. కమిటీల చేతిలో ఏముందో చూడలేదు.

ఎందుకు చూస్తారు? ఊరికి నిజంగా నోరు వస్తే ఇబ్బంది. 2025 ఫిబ్రవరిలో సంగారెడ్డి జిల్లా ప్యారానగర్‌లో ఏం జరిగింది? హైదరాబాద్ చెత్తకు యార్డు కడతామని పోలీసు పహారాలో పనులు మొదలుపెట్టారు. నల్లవల్లి, ప్యారానగర్ జనం రోడ్డెక్కారు. రోజుల తరబడి దీక్షలు చేశారు. అదీ ప్రజల భాగస్వామ్యమే కదా! ఎంత ఉత్సాహంగా వచ్చారు! ఆడవాళ్లు, ముసలివాళ్లు, బడి పిల్లలు. మరి ఒక్క అధికారి అయినా శాలువా పట్టుకుని పోయాడా? లాఠీ ముందు పోయింది. హైదరాబాద్ చెత్తకు అంతకుముందు జవహర్‌నగర్ ఉంది. అక్కడ కోటి టన్నులకు పైగా పేరుకున్న గుట్ట మీద మట్టి కప్పి గడ్డి వేశారు. పక్కన బతికే వాళ్లు ఇప్పటికీ ముక్కు మూసుకునే అన్నం తింటారు. జవహర్‌నగర్‌నూ అడగలేదు. రాంపూర్‌నూ అడగలేదు. రేపు జనగామ పక్కనో, తొర్రూరు పక్కనో గీత గీస్తే మిమ్మల్ని అడుగుతారనుకుంటున్నారా? మీ ఇంట్లో తొక్కను ఏ డబ్బాలో వేయాలో చెప్పడానికి పది మంది వస్తారు. నగరం చెత్తను మీ ఊళ్లో ఎక్కడ పోయాలో చెప్పడానికి ఒక్క ప్రొక్లెయిన్ వస్తుంది.

2025 డిసెంబరు 22న కొత్త సర్పంచులు కుర్చీ ఎక్కారు. దండలు పడ్డాయి, టపాసులు కాలాయి. ఆ టపాసుల కాగితాలు, ప్రచారంలో పంచిన క్వార్టర్ సీసాలు, ఫ్లెక్సీలు, ఊరికి వీరు అందించిన మొదటి సేవలు. పంచాయతీ ఆఫీసు తలుపు తీస్తే లోపల ఏముంది? బ్యాటరీ దిగిన ట్రాక్టర్. ఫైలులో 60 పేర్ల కమిటీ జాబితా. అందులో కొందరు చనిపోయారు కూడా. జీతం బాకీ ఉన్న కార్మికుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కార్యదర్శి ఒక కట్ట ముందు పెడతారు, 22 నెలల డీజిల్ రసీదులు. సర్పంచి గారు వాటిని పట్టుకుని మండలానికి పోతారు. మండలం జిల్లాకు పొమ్మంటుంది. జిల్లా హైదరాబాద్ చూపిస్తుంది, హైదరాబాద్ ఢిల్లీ చూపిస్తుంది. సరే సారూ, చివరకు ఒక్కటి చెప్పండి. ఈ రసీదుల కట్టను ఏ డబ్బాలో వేయమంటారు? తడి దాంట్లోనా, పొడి దాంట్లోనా?